పొట్టేలు కంటి కింద పల్లం: చర్మానికి జిగురు ఎంచుకున్న తీరు

చెన్నై పెరంబూరులో మేముండే ఇంటి మేడ మీద చిన్న గది ఒకటి ఉంది. అక్కడ బల్ల మీద ఉన్న పొట్టేలు తలను నేను వారానికొకసారి చూపుడువేలి గోటితో తట్టి చూస్తాను. చర్మం లోపలి దిమ్మను గట్టిగా పట్టుకున్న చోట గోరు తగిలితే పొడిగా, చిన్నగా 'టక్'మంటుంది. పట్టు విడిచిన చోట మాత్రం డప్పు మీద వేలు పడ్డట్టు బోలుగా మోగుతుంది. టాక్సిడెర్మీ, అంటే చనిపోయిన జంతువు చర్మాన్ని దిమ్మకు తొడిగి బతికున్నట్టు నిలిపే పని, చేసేవాళ్ళు ఈ లోపాన్ని డ్రమ్మింగ్ అంటారు కాబట్టి, ఆ పేరు పెట్టిన మొదటివాడికి కూడా నాలాగే కంటి కంటే ముందు చెవికే సంగతి తెలిసి ఉంటుందని నా ఊహ. నా మొదటి పొట్టేలు కుడి కంటి కింద అలాగే మోగింది. మూడు వారాలు తిరిగేసరికి కన్నీటి గుంట ఉండవలసిన పల్లం పూడిపోయి, బుగ్గ నున్నగా పైకి లేచింది.

అది నెల్లూరు జుడిపి జాతి పొట్టేలు. తెల్లని ఒంటి మీద కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, కింది దవడ మీద నల్లని మచ్చలుంటాయి. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. మా మేనమామ గారి మందలో ముసలిదై చనిపోయిన దాన్ని నేను అడిగి తెచ్చుకున్నాను. పని పూర్తయ్యాక ఫోటో పంపితే ఆయన ఫోన్ చేసి, "ఏందిరా అబ్బయ్యా, దాని మొహం వాచినట్టుందే, పంటిపోటు గానీ వచ్చిందా?" అన్నారు. నలభై ఏళ్ళు గొర్రెల ముఖాలు చూసిన మనిషి ఒక్క చూపులో పట్టేసిన తప్పుకు కారణం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, చివరికి అది జిగురు దగ్గర తేలింది. దుకాణంలో దొరికేవాటిలో అన్నిటికంటే గట్టిది కొంటే పని గట్టిగా ఉంటుందన్నది అప్పటి నా ఆలోచన. ఇప్పుడు నేను జిగురును అడిగే ప్రశ్నలు వేరు: ఎంతసేపు చర్మాన్ని జరపనిస్తుంది, ఏ ఘడియకు పట్టుకుంటుంది, ఎప్పుడైనా ఊడదీయవలసి వస్తే చర్మాన్ని చింపకుండా వదులుతుందా?

వృత్తిరీత్యా నేను తోళ్ళ శుద్ధిలో వాడే రసాయనాలతో పని చేసేవాణ్ణి. క్రోమ్ లెదర్ కంపెనీ వల్ల క్రోంపేట అని ఒక పేటకే పేరు వచ్చిన ఊరు ఇది. 1948 నుంచి అడయారులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఉన్న ఊరు కూడా. పెరియమేడు వీధుల్లో నడిస్తే తోలు వాసన ఇంటిదాకా వెంట వస్తుంది. అయినా చెప్పుల తోలు తెలిసినంత మాత్రాన ముఖం మీద చర్మం తెలిసినట్టు కాదని నాకు ఆ పొట్టేలే నేర్పింది. చెప్పు కుట్టేవాడు ఆరిన తోలును అంటిస్తాడు. మేము తడి చర్మాన్ని అంటించి, అది అక్కడే ఆరి కుదించుకుపోయే తీరును తట్టుకోవాలి. మొత్తం వ్యవహారమంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

చర్మం ఆరుతున్నకొద్దీ అన్ని వైపుల నుంచీ లాక్కుంటుంది. నుదురులాంటి ఉబ్బెత్తు చోట ఆ లాగుడు చర్మాన్ని దిమ్మకే అదుముతుంది కాబట్టి అక్కడ జిగురు లేకపోయినా పెద్దగా నష్టం ఉండదు. కంటి కింద, ముక్కుపుటాల వెనక, చెవి మొదట్లో, మెడ గొంతు కలిసే మడతలో పల్లాలుంటాయి. అక్కడ అదే లాగుడు విల్లుకు నారి బిగించినట్టు అడ్డదారిన పల్లాన్ని దాటేయాలని చూస్తుంది. చర్మాన్ని ఎక్కించి, కుట్టు వేసి, కనురెప్పలు సర్ది, పెదవి అంచును గాడిలోకి తోసి, అటూ ఇటూ జరిపి సరిచూసుకునే గంటో రెండు గంటలో జిగురు జారుతూ ఉండాలి. ఆ తరువాత, చర్మం లాగుడు మొదలయ్యే ముందే, ఇంకా తడిగా ఉండగానే అది పట్టు ఇవ్వాలి. పూర్తిగా ఎండాక ఎంత గట్టిపడినా, ఈ మధ్య కాలంలో పట్టు లేని జిగురు పల్లాన్ని కాపాడలేదు.

నేను మొదట వాడింది వడ్రంగులు వాడే తెల్ల జిగురు. అది పాలీవినైల్ అసిటేట్ రేణువులు నీటిలో తేలే ఒక పాయసంలాంటిది. చెక్క నీటిని పీల్చుకుంటే రేణువులు దగ్గరై అతుక్కుంటాయి. చెక్క మీద దానికి సాటి లేదని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. తప్పు జిగురుది కాదు, నాది: పురుగు పట్టకుండా ఉండాలని చర్మం లోపలి వైపు బోరాక్స్ పొడిని గట్టిగా పట్టించి, దాని మీద ఆ తెల్ల జిగురు రాశాను. బ్రష్ కింద అది సాఫీగా పరుచుకోకుండా ముద్దముద్దగా చుట్టుకుపోయింది. వేలితో తీసి చూస్తే జారుడుగా, సాగుతూ, తెగుతూ, పిల్లలు ఆడుకునే స్లైమ్‌లా ఉంది. నిజానికి అది స్లైమే. తెల్ల జిగురులో రేణువులను నిలబెట్టడానికి తరచుగా పాలీవినైల్ ఆల్కహాల్ కలుపుతారు. బోరాక్స్ తగలగానే దాని పొడవాటి గొలుసులు ఒకదానికొకటి ముడిపడి జెల్ అవుతాయి. రసాయనాలతో బతుకుతూ నేను ఇది ముందుగా ఊహించకపోవడం సిగ్గుపడవలసిన విషయమే. అయినా ఆ సాయంత్రం చర్మం ఆరిపోతుందన్న తొందరలో ముద్దలను వేళ్ళతో నొక్కేసి కుట్టేశాను. కంటి కింద పూడిన పల్లం ఆ నొక్కుడు ఫలితమే: ముద్దకూ ముద్దకూ మధ్య చర్మానికి పట్టుకోవడానికి ఏమీ లేదు.

రెండో ప్రయత్నం మేక చర్మపు ముక్క మీద, రబ్బరు పాలతో చేసిన జిగురుతో జరిగింది. ఎండాక కూడా సాగుతుంది కాబట్టి చర్మంతో పాటు కదులుతుందని నా లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. చర్మాన్ని పదును చేసే (అంటే కుళ్ళకుండా శుద్ధి చేసే) ముందు ఉప్పు, ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టడం ఆనవాయితీ. నేను ఫార్మిక్ ఆమ్లం వాడాను, ఆ తరువాత వంటసోడా నీటిలో తగినంతసేపు ఉంచకుండా తొందరపడి తీసేశాను. కేరళ రబ్బరు తోటల్లో చెట్టు నుంచి కారిన పాలను గడ్డ కట్టించడానికి వాడేది కూడా ఈ ఫార్మిక్ ఆమ్లమే. చర్మం తగలగానే జిగురు నిమ్మరసం పడిన పాలలా విరిగిపోయింది. నీళ్ళు ఒక పక్క, రబ్బరు తరకలు ఒక పక్క. ఆ రోజు నుంచి జిగురు డబ్బా మూత తీసే ముందు చర్మం లోపలి వైపు పీహెచ్ కాగితం ఒత్తి చూడడం అలవాటు చేసుకున్నాను. పిండి జిగుర్లకు కూడా ఇది అవసరమే, ఎందుకంటే మిగిలిన ఆమ్లం పిండిపదార్థపు గొలుసులను నెమ్మదిగా తెంపి, నెలలు గడిచాక పట్టును సడలించగలదు.

ఇప్పుడు నేను పొట్టేలు, మేక, కుక్క చర్మాలకు ఎక్కువగా వాడేది డెక్స్‌ట్రిన్ జిగురు. పిండిని కొంచెం ఆమ్లంతో వేయించితే దాని పొడవాటి అణువులు చిన్న ముక్కలవుతాయి; ఆ పొడి నీటిలో చిక్కగా కలిసినా పారుతుంది, బ్రష్‌కు లొంగుతుంది, తక్కువ నీటితో ఎక్కువ జిగటనిస్తుంది. మైదా ఉడకబెట్టిన జిగురులో ఐదు వంతుల నీటికి ఒక వంతు పిండి పట్టడమే గగనం. డెక్స్‌ట్రిన్ అయితే దాదాపు సమాన బరువుల దాకా పడుతుంది. తక్కువ నీరు అంటే ఆరబెట్టవలసిన తడి తక్కువ అని అర్థం, చెన్నైలో అది చిన్న విషయం కాదు. ఇందులో కొద్దిగా బోరాక్స్ కలిపితే జిగురు ఇంకా చిక్కబడి తడిపట్టు పెరుగుతుంది. నా తెల్ల జిగురును నాశనం చేసిన బోరాక్సే ఇక్కడ మేలు చేయడం చూసి మొదట నవ్వొచ్చింది. ప్యారిస్ కార్నర్ దగ్గరి రసాయనాల దుకాణంలో డెక్స్‌ట్రిన్ అడిగితే, "అగరుబత్తీలకా సార్, కవర్లకా?" అని అడిగారు. పొట్టేలుకని చెబితే నమ్మరని కవర్లకే అన్నాను.

దీని నిజమైన గుణం చేతికి తెలుస్తుంది. సన్నటి పొర రాసి చర్మాన్ని ఎక్కించాక మొదటి అరగంట అది సబ్బు నీళ్ళ మీద అరచేయిలా జారుతుంది. గంట దాటాక, కనురెప్పను జరిపితే జరుగుతుంది గాని కొంచెం మొండికేస్తుంది. ఆ మొండితనం మొదలైనప్పుడే నేను పల్లాలన్నిటిలో వేలితో నొక్కి, గుండుసూదులు గుచ్చి, కంటి మూల దగ్గర చిన్న అట్టముక్కలను సూదులతో బిగిస్తాను. పట్టు అంతా జిగురు మీదే వదలకుండా, మొదటి వారం సూదులే చర్మాన్ని ఆపాలి. ఎండిన తరువాత వాటి అవసరం తీరుతుంది. పొర మందంగా రాస్తే మంచిదని నాకు కూడా మొదట్లో అనిపించేది. దిమ్మకు వాడే పాలీయురితేన్ నురగ మూసుకున్న గదులతో ఉంటుంది కాబట్టి నీటిని పీల్చుకోదు. జిగురులోని నీరంతా చర్మంలోంచి, వెంట్రుకల వైపు నుంచే బయటికి రావాలి. పొర మందమైతే పైన చర్మం ఆరి లాక్కోవడం మొదలుపెడుతుంది, కింద జిగురు ఇంకా పచ్చిగానే ఉంటుంది. డ్రమ్మింగ్‌కు ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

చెన్నై గాలి సంగతి వేరుగా చెప్పుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మా మేడగదిలో తేమ కొలిచే ముల్లు 80 దాటిపోయి రోజుల తరబడి దిగదు. ఒక నవంబరులో డెక్స్‌ట్రిన్‌తో చేసిన మేక మెడ మీద కుట్టు వెంబడి బూడిదరంగు బూజు వచ్చింది. అప్పటి నుంచి జిగురులో లవంగనూనె చుక్కలు వేస్తున్నాను, ఆ నెలల్లో కొత్త పని పెట్టుకోవడం మానేశాను. బైండింగు చేసేవాళ్ళు మైదా జిగురులో మైలుతుత్తం కలపడం మన ఊళ్ళలో అందరికీ తెలుసు. పురుగుకు అది మంచి మందే గాని, జుడిపి పొట్టేలు తెల్ల వెంట్రుకల మీద ఆ నీలాకుపచ్చ మరక ఎక్కడైనా తేలితే దాన్ని దాచడం ఎవరి తరమూ కాదు. తేమతో ఇంకో చిక్కు ఉప్పు. చర్మంలో ఉప్పు సరిగా కడగకుండా మిగిలిపోతే, గాలిలో తేమ 75 శాతం దాటగానే మామూలు ఉప్పు నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. మన ఇళ్ళలో వానాకాలం ఉప్పు జాడీ చెమ్మగిల్లేది అందుకే. అలాంటి చర్మం ప్రతి వానకూ చెమర్చి, ప్రతి ఎండకూ ఆరి, జిగురును కిందా మీదా లాగుతూనే ఉంటుంది. జిగురు చెడ్డదని తిట్టుకునేవాళ్ళలో కొందరి అసలు సమస్య కడుగుడు దగ్గరే ఉందని నా అనుమానం.

దిమ్మ గురించి మాట్లాడకుండా జిగురు గురించి మాట్లాడడం కుదరదు. విదేశాల నుంచి తయారు దిమ్మలు తెప్పించుకునే స్తోమత లేనివాళ్ళు థర్మోకోల్ చెక్కి వాడతారు, నేనూ చెక్కాను. మా వీధిలో చెప్పుల దుకాణం వాళ్ళు ఇచ్చిన సొల్యూషన్‌ను థర్మోకోల్ చెవి మీద రాస్తే, ఐదు నిమిషాల్లో చెవి గుంటలు పడి ముడుచుకుపోయింది. అందులోని టోలుయీన్ థర్మోకోల్‌ను నెయ్యిలా కరిగిస్తుంది. పాలీయురితేన్ నురగ దానికి లొంగదు గాని, సొల్యూషన్ ఈ పనికి ఎలాగూ పనికిరాదు: రెండు వైపులా రాసి ఆరాక తగిలించిన క్షణమే అతుక్కుంటుంది, జరపడానికి వీలుండదు. అడుగుభాగం చుట్టూ చర్మాన్ని చెక్కపలకకు మడిచి అంటించడానికి మాత్రం దాన్ని ఉంచుకున్నాను. పాలీయురితేన్ దిమ్మ మూసలోంచి వచ్చినప్పుడు పైన నున్నని తోలుపొర ఉంటుంది; దాన్ని ముతక గరుకు కాగితంతో అంతటా గీరకపోతే ఏ జిగురైనా గాజు మీద రాసినట్టే. ఇది చాలా విసుగు పుట్టించే పని, ముఖ్యంగా ముక్కుపుటాల లోపల. అయినా పల్లాలున్న చోట అదనంగా ఇంకోసారి గీరుతాను.

మా పక్క వీధిలో చిత్తూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒక వడ్రంగి మేస్త్రీ ఉన్నారు. పాత పద్ధతి జిగురు గురించి నాకు తెలిసింది చాలావరకు ఆయన దగ్గర నేర్చుకున్నదే. తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన ఆ జిగురును ఇక్కడి వడ్రంగులు వజ్రం అంటారు. "దాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు తమ్ముడూ, నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కాచాల. పొంగిందంటే దాని ప్రాణం పోయినట్టే," అని ఆయన చూపించారు. 60 డిగ్రీల దగ్గర పారుతూ, చల్లబడితే జెల్లీలా గడ్డకట్టే దాని స్వభావం వల్లనే ఒకప్పుడు చర్మాల పనిలో దానికి చోటు దొరికింది. గడ్డకట్టడమే తడిపట్టు కదా. "తోలుకు తోలే చుట్టం, ఇంకేం కావాల?" అన్నారాయన. మాట బాగుంది, నేనూ ఒక ముక్క మీద చేసి చూశాను. ఫ్యాన్ కింద అది నేను పెదవి సర్దేలోపే గడ్డకట్టింది, వానాకాలం దాన్నే మొదట బూజు పట్టింది, ఏసీ గదిలో పెళుసెక్కి పగిలింది. గోరువెచ్చని నీటితో ఎప్పుడైనా ఊడదీయవచ్చునన్న ఒక్క సుగుణం కోసం చిన్న మరమ్మతులకు దాన్ని ఇప్పటికీ గౌరవిస్తాను.

చెవుల విషయంలో మాత్రం నేను ఎపాక్సీ వైపే మొగ్గుతాను. చెవిలోంచి మృదులాస్థి తీసేశాక దాని స్థానంలో పెట్టే ప్లాస్టిక్ పొరకు నీటి జిగురు అంటుకోదు. ఆ ప్లాస్టిక్‌కు దేనినీ సులువుగా అంటనివ్వని గుణం ఉంది, గరుకు కాగితంతో రుద్దినా పెద్దగా మారదు. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ నీరు వదలదు కాబట్టి చెవి లోపల మూసుకున్న సందులో కూడా గట్టిపడుతుంది. కొంచెం కొంచెమే కలుపుకోవాలి; గిన్నెలో ఎక్కువ కలిపితే తనలో తానే వేడెక్కి, మే నెల మధ్యాహ్నం అయితే రెండో చెవికి వెళ్ళేలోపే రాయి అవుతుంది. గిట్టలు, కొమ్ముల మొదళ్ళు కూడా ఎపాక్సీతోనే. క్షణంలో అంటుకునే సైనోఅక్రిలేట్‌ను నేను చిరుగు అంచును ఒక బిందువు దగ్గర ఆపడానికి తప్ప వాడను, ఎందుకంటే దాని ఆవిరి చుట్టుపక్కల నల్ల వెంట్రుకల మీద తెల్లని పొరలా పడుతుంది.

ఇంతవరకూ చెప్పింది కొత్త పని. పాత పని ఒకటి నా చేతికి వచ్చినప్పుడే జిగురు ఎంపికలో మూడో ప్రశ్న, అంటే ఊడదీయడం సంగతి, నాకు బుర్రకెక్కింది. తాతల కాలం నాటి కణితి (సాంబర్ జింక) తల ఒకటి, యాజమాన్య ధ్రువపత్రంతో సహా, తెలిసినవారి ఇంట్లో గోడ మీద ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువుల విషయంలో కాగితాలు లేకుండా ఏదీ ముట్టుకోకూడదు, ఆ వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. అందుకే దాన్ని నేను గోడ మీద నుంచి దించకుండా చూసి సలహా మాత్రమే చెప్పాను. కింది పెదవి దగ్గర పాత చీలిక ఒకటి ఉంది. ఎప్పుడో ఎవరో దాన్ని ఎపాక్సీతో నింపారు. ఆ ఎపాక్సీ చెక్కుచెదరలేదు. దాని అంచును ఆనుకుని, అంతకు ముందు బాగున్న చర్మం, బ్లేడుతో కోసినట్టు కొత్తగా చీలింది. తేమతో ఉబ్బుతూ తగ్గుతూ ఉండే చర్మం మధ్యలో కదలని రాయిని పెడితే, లాగుడంతా దాని అంచు మీదే పడుతుంది. చర్మం కంటే గట్టి జిగురు ఎంత గట్టిగా ఉంటే తరువాతి చీలిక అంత ఖాయం.

ఆ కాలపు తలలతో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బెకూర్ అనే ఆయన ఆర్సెనిక్ కలిపిన సబ్బును చర్మాల లోపలికి రాసే పద్ధతి కనిపెట్టినప్పటి నుంచి, ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం ప్రపంచమంతటా అదే వాడారు. పాత చర్మపు చీలికలోంచి రాలే తెల్లని పొడి ఉత్త దుమ్ము కాకపోవచ్చు. చేతికి తొడుగులు, ముఖానికి మంచి మాస్కు లేకుండా దాన్ని ముట్టుకోవడం, గరుకు కాగితంతో రుద్దడం, నోటితో ఊదడం చేయకూడదని ఆ ఇంటివాళ్ళకు మొదట చెప్పింది ఇదే. జిగురు మాట ఆ తరువాతే.

పాత చర్మాలకు నీటి జిగురు ఎందుకు పనికిరాకపోవచ్చో కూడా చెప్పాలి. పటికతో పదును చేసిన చర్మంలో పటిక గట్టిగా ముడిపడి ఉండదు. బాగా తడిస్తే కొట్టుకుపోతుంది, చర్మం మళ్ళీ పచ్చితోలులా బిరుసెక్కుతుంది. మైసూరులో ఇరవయ్యో శతాబ్దపు మొదటి నుంచి 1999 దాకా నడిచిన వాన్ ఇంగెన్ అనే టాక్సిడెర్మీ సంస్థ వారి పనితనంలో లోపలి దిమ్మలు కాగితపు గుజ్జుతో చేసినవి. అలాంటి దిమ్మలు నురగలా కాకుండా నీటిని పీల్చుకుంటాయి, అతిగా తడిస్తే మెత్తబడతాయి. వేడితో అంటించే పొరలూ ఉన్నాయి. బేవా 371 అనే జిగురు పొర సుమారు 65 డిగ్రీల దగ్గర మెత్తబడి అంటుకుంటుంది. మంచి చర్మం దాన్ని తట్టుకుంటుంది గాని, శిథిలమైన చర్మం అంతకంటే తక్కువ వేడికే ముడుచుకుపోవచ్చు, ముడుచుకున్నది మళ్ళీ విచ్చుకోదు. అందుకే మ్యూజియం పనివాళ్ళు తరచుగా పల్చని జపాను కోజో కాగితాన్ని చీలిక కింద వంతెనలా పెట్టి, స్పిరిట్‌లో కరిగే క్లూసెల్ జి అనే జిగురు గాని, అసిటోన్‌లో కరిగే పారాలాయిడ్ బి-72 అనే జిగురు గాని రాస్తారు. రెంటినీ తరువాత అదే ద్రావకంతో కరిగించి తీసేయవచ్చు. బి-72 మెత్తబడే మెట్టు 40 డిగ్రీల దగ్గర ఉంది; మే నెలలో మా మేడగది అంతకు మించిపోతుంది కాబట్టి, వేడి ప్రదేశాల్లో 50 డిగ్రీల దాకా నిలిచే బి-48ఎన్‌ను దానిలో కొంత కలుపుతారు. ఎగ్మూరులో 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియంలో 1930 నుంచి వస్తువుల సంరక్షణకు ఒక రసాయన ప్రయోగశాల ఉంది. అక్కడి జంతు విభాగపు గదుల్లో పాత జంతువుల ముందు నిలబడి కుట్లు, కనుకొలుకులు, పెదవుల అంచులు గమనించడం నాకు ఏ పుస్తకమూ నేర్పనంత నేర్పింది, కాకపోతే కాపలా ఆయన నన్ను అనుమానంగా చూసేవారు.

ఊడదీయడానికి వీలుగా అంటించడం మనకు కొత్త ఆలోచనేమీ కాదు. డిసెంబరు కచేరీల్లో మృదంగ విద్వాంసుడు మొదలుపెట్టే ముందు ఎడమ మూత నడిమిన తడిపిన బొంబాయి రవ్వ ముద్దను అద్దుతాడు. ఆ బరువుతో తోలు గంభీరంగా పలుకుతుంది, కచేరీ ముగిశాక గీరేస్తాడు. కుడి మూత మీది నల్లని కరణ పొరలుపొరలుగా నూరి అతికించి ఏళ్ళ తరబడి నిలబెట్టేది. ఒకే వాద్యానికి రెండు తోళ్ళు, రెండు రకాల అతుకులు. పొట్టేలు ముఖం మీద కూడా ఏ చోటుకు ఏది కావాలో అలాగే వేరుచేసి చూస్తున్నాను.

కొత్త చర్మం ఏదొచ్చినా ఇప్పుడు నేను ముందు పరీక్ష ముక్కలు చేస్తాను. అదే చర్మం నుంచి, కత్తిరించగా మిగిలిన మెడ అంచు నుంచి రెండంగుళాల ముక్కలు తీసి, నురగలో కావాలని గిన్నెలా చెక్కిన పల్లాల్లో వేర్వేరు జిగుర్లతో అంటించి, రెండు వారాలు ఆరనిచ్చి పట్టకారుతో లాగుతాను. చర్మమే చిరిగితే ఆ జిగురు ఈ చర్మానికి మరీ గట్టిది. జిగురు చర్మం నుంచి శుభ్రంగా పొరలా ఊడివస్తే పట్టు చాలలేదు, లేదా ఆమ్లమో కొవ్వో మిగిలి ఉంది. నురగ పైపొర తెట్టుగా చర్మంతో లేచివస్తే నాకు సంతోషం. వేసవిలో ఒక ముక్కను, వానల్లో ఇంకొకదాన్ని మళ్ళీ తడతాను, తేదీ రాసి గోడకు మేకు కొట్టి వేలాడదీస్తాను. మా ఇంట్లోవాళ్ళు ఆ వరుసను చూసి ఉప్పుచేపల కొట్టు అంటారు.

ఇప్పుడు బల్ల మీదున్నది రెండో జుడిపి పొట్టేలు. ముఖమంతా డెక్స్‌ట్రిన్, చెవులకు ఎపాక్సీ, అడుగున సొల్యూషన్. కంటి కింద పల్లాలు రెండూ నిలిచాయి. మేనమామ గారు ఫోటో చూసి ఈసారి వాపు మాట ఎత్తలేదు, కొమ్ములు మాత్రం కొంచెం ముందుకు వాలాయన్నారు. ఎడమ ముక్కుపుటం వెనక చింతగింజంత మేర ఇంకా బోలుగా మోగుతోంది. నిన్న అక్కడి చర్మాన్ని తడి దూదితో మెత్తబరిచి, వెంట్రుకల మధ్య సూది రంధ్రం చేసి, సిరంజితో రెండు చుక్కలు పల్చని డెక్స్‌ట్రిన్ ఎక్కించి, మూడు గుండుసూదులు గుచ్చాను. వచ్చే ఆదివారం తీసి తట్టి చూడాలి.